ఆసుపత్రి జనరేటరు ఏ అంతస్తులో ఉంది? వరదలు, తుపాన్లలో వైద్య వ్యవస్థ సన్నద్ధతపై చర్చ

సింగ్‌నగర్_అమ్మాయి

2024 సెప్టెంబరు 1, ఆదివారం ఉదయం విజయవాడలో మా వీధిలోకి బుడమేరు వాగు వరద వచ్చేనాటికి మా నాన్నగారికి డయాలసిస్ జరిగి ఒక్క రోజే అయింది. ఆయనకు మంగళ, గురు, శనివారాల్లో చేయించాలి. మంగళవారం వచ్చేసరికి మేము మొదటి అంతస్తు వరండాలో నిలబడి కింద నల్లటి నీళ్లను చూస్తున్నాము. డ్రోన్ ఒక సంచీ జారవిడిచి వెళ్లింది. అందులో పులిహోర పొట్లాలు, అరటిపళ్లు, నీళ్ల సీసాలు ఉన్నాయి. కిడ్నీలు పనిచేయని మనిషికి పులిహోరలోని ఉప్పూ పనికిరాదు, అరటిపండులోని పొటాషియమూ పనికిరాదు, నీళ్లు కూడా కొలిచి తాగాలి. పంపినవారి తప్పు ఇందులో ఏమీ లేదు. అయినా ఆ సంచీ చూసి మా అమ్మ ఏడ్చింది.

బుధవారం రాత్రి పడవ ఎక్కి బయటపడి, ఎప్పుడూ వెళ్లే ఆసుపత్రికి వెళితే, సెల్లార్‌లో జనరేటరు మునిగిపోయిందని, డయాలసిస్ విభాగం మూసేశామని చెప్పారు. గురువారం సాయంత్రం గుంటూరులో మరొక చోట చేయించాము. నాన్నగారు బతికి బయటపడ్డారు, ఇప్పుడు బాగానే ఉన్నారు.

మొన్న అదే ఆసుపత్రిలో విపత్తు ప్రణాళిక చూపించమని అడిగితే ఒక ఆకుపచ్చ ఫైలు తెచ్చి ముందు పెట్టారు. అందులో మొదటి ఫోన్ నంబరు ఎప్పుడో పదవీ విరమణ చేసిన పెద్దమనిషిది. ఇలాంటి ప్రణాళికలో నిజానికి ఏమి ఉండాలి, దానిని ఎవరు తనిఖీ చేయాలి, మాబోటి వాళ్లం వెళ్లి ఏమని అడగాలి? తెలిసినవారు చెప్పండి.

గట్టుమీద_కాకి

అంత వరద వచ్చినప్పుడు ఏ ప్రణాళికా నిలబడదు. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆసుపత్రిని తప్పుపట్టే ముందు, డయాలసిస్ రోగి ఉన్న ఇంట్లోవారు ముందుగానే ఎత్తైన చోటికి ఎందుకు వెళ్లలేదని కూడా ప్రశ్నించుకోవాలి. ప్రభుత్వం ప్రతి ఇంటికీ వచ్చి చేయి పట్టుకుని నడిపించలేదు.

సింగ్‌నగర్_అమ్మాయి

కాకి గారూ, రాత్రి వాన పడుతుండగా పడుకున్నాము. గట్టుకు గండి పడిన సంగతి మాకు నీళ్లే వచ్చి చెప్పాయి. ముందుగా తెలిసి ఉంటే నాన్నగారిని మంచంతో సహా మోసుకుపోయేవాళ్లం.

చింతకాయ

విపత్తులకు ఆదివారం అంటే ఎందుకో అంత ప్రీతి. 2004 సునామీ ఆదివారం, 2014 హుద్‌హుద్ తుపాను ఆదివారం, బుడమేరు ఆదివారం. భోపాల్‌లో గ్యాస్ లీకైన 1984 డిసెంబరు 2 రాత్రి కూడా ఆదివారమే. ఆసుపత్రిలో సగం మంది సెలవులో ఉండే రోజు ఏదో వాటికి ఎవరో చెబుతున్నట్టున్నారు.

గట్టుమీద_కాకి

విశాఖలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ విషవాయువు లీకైన 2020 మే 7 గురువారం. మీ సిద్ధాంతం అక్కడికి సరి.

చింతకాయ

గురువారమే, కాదనను. సమయం మాత్రం తెల్లవారుజామున మూడు గంటలు. ఆ వేళకు ఆసుపత్రిలో ప్రతి వారమూ ఆదివారమే.

పాత_స్టెతస్కోపు

చింతకాయ గారు హాస్యానికి అన్నారు గానీ, ప్రణాళికలో మొట్టమొదట రాయవలసిన మాట అదే. సూపరింటెండెంటు ఊళ్లో లేనప్పుడు, రాత్రి మూడు గంటలకు, డ్యూటీలో ఉన్న వైద్యుడు ఎవరి అనుమతీ అడగకుండా ఏ ఏ పనులు చేయవచ్చునో స్పష్టంగా ఉండాలి. స్టోరు తాళం పగలగొట్టే అధికారం నుంచి, బయట డీజిల్ అప్పుగా తెచ్చే అధికారం వరకు అందులో రాసి ఉండాలి. నా సర్వీసులో నేను చూసిన ఫైళ్లలో చాలావాటిలో కమిటీ సభ్యుల హోదాలు ఉండేవి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం ఉండేది కాదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను హౌస్ సర్జన్‌ని. మమ్మల్ని లారీలో ఎక్కించి పంపారు. పదివేలమందికి పైగా పోయారు. మేము చేరేసరికి దెబ్బలు తగిలి చికిత్స కోసం ఎదురు చూసేవారు మేమనుకున్నంత మంది లేరు, ఎందుకంటే ఉప్పెన గాయపరిచి వదిలిపెట్టదు, ముంచేస్తుంది. మా దగ్గర ఉన్నవి కట్లు కట్టే సామాను, కలరా సూదులు. కిరోసిన్ స్టవ్ మీద సూదులు మరగబెట్టుకుంటూ రోజుకు వందల మందికి పొడిచాము. శవాల వల్ల అంటురోగాలు వస్తాయని అందరమూ భయపడ్డాము. గాయాలతో, మునకతో చనిపోయినవారి దేహాల వల్ల మహమ్మారులు పుట్టవని, అసలు ప్రమాదం మలంతో కలిసిన నీళ్లతోనేనని తరువాత చదువుకున్నాను. ఆ సూదులు వేసిన చేతులతో బావుల్లో బ్లీచింగ్ కలిపి ఉంటే ఎక్కువ మేలు జరిగేది. ఒక ముసలమ్మ సూది వేయించుకుని, "బాబూ, మంచినీళ్లుంటే పొయ్యండి" అని అడిగింది. మా లారీలో నీళ్లు లేవు.

అందుకే అరటిపళ్ల సంచీ గురించి చదివినప్పుడు మనసు చివుక్కుమంది. 47 ఏళ్ల తరువాత డ్రోన్ వచ్చింది, బాగుంది. ఆ సంచీ ఎవరి ఇంటిమీద పడుతోందో, ఆ ఇంట్లో ఎవరున్నారో తెలిపే జాబితా మాత్రం రాలేదు.

నైట్‌డ్యూటీ

డాక్టరు గారు చెప్పిన అధికారం సంగతి నేను అనుభవించాను. హుద్‌హుద్ నాడు విశాఖలో ఒక ఆసుపత్రి నవజాత శిశువుల విభాగంలో నర్సుగా ఉన్నాను. ఉదయం ఎనిమిదింటికి దిగవలసిన డ్యూటీ మంగళవారం మధ్యాహ్నం దాకా దిగలేదు. రోడ్ల మీద చెట్లు పడిపోయి, మమ్మల్ని విడిపించవలసినవారు రాలేకపోయారు. ఫోన్లు మూగబోయాయి. మధ్యాహ్నానికి కిటికీ అద్దాలు ఒక్కొక్కటే లోపలికి పేలుతుంటే, తొట్లను కారిడార్‌లోకి లాగి, తలుపుల సందుల్లో దుప్పట్లు కుక్కాము. కరెంటు ఎలాగూ లేదు. జనరేటరు ఉంది గానీ డీజిల్ పొదుపు చేయాలని రాత్రి కొన్ని గంటలు ఆపేశారు. వార్మర్లు చల్లబడ్డాయి. అప్పుడు మా సీనియర్ సిస్టర్ బాలింతలందరినీ పిలిచి, పిల్లలను బట్టలు లేకుండా రొమ్ముల మధ్య పడుకోబెట్టి పైన చీర చుట్టించారు. ఒక బాలింతకు జ్వరం వస్తే, ఆ బిడ్డను వాళ్ల నాన్న చొక్కా విప్పి తన గుండె మీద పెట్టుకున్నాడు. తెల్లవార్లూ కదలకుండా కూర్చున్నాడు. వెంటిలేటరు మీద ఉన్న ఒక బిడ్డకు చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగుతో, పదిహేను నిమిషాలకు ఒకరు చొప్పున, చేతులు మార్చుకుంటూ ఊపిరి ఇచ్చాము.

ఇదంతా ఏ ఫైలులోనూ లేదు. మా సిస్టరుకు తెలుసు కాబట్టి జరిగింది. ఆవిడ ఆ వారం సెలవులో ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడం నాకు ఇష్టం లేదు. ఇంకొక్క మాట. ఆ మూడు రోజులూ మా ఇంట్లో నాలుగేళ్ల పాప ఎవరి దగ్గర ఉందో నాకు తెలియదు. సిబ్బంది పిల్లలను ఎవరు చూస్తారో రాయని ప్రణాళికను నేను ప్రణాళిక అనను.

గట్టుమీద_కాకి

సిస్టర్ గారికి నమస్కరిస్తున్నాను. మీ అనుభవం నా వాదననే బలపరుస్తోంది. కాగితం పనిచేయలేదు, మనుషులు పనిచేశారు.

పాత_స్టెతస్కోపు

కాదు నాయనా. ఒక మనిషికి తెలిసినది పదిమందికి తెలిసేలా చేయడానికే కాగితం. ఏడాదికి రెండుసార్లు లైట్లు ఆపి, తొట్లు కదిలించి, అభ్యాసం చేస్తే ఆ సిస్టరు సెలవులో ఉన్నా పని జరుగుతుంది. చేయకపోతే అది ఆకుపచ్చ ఫైలుగానే మిగులుతుంది.

మూడుఫేజుల_మూర్తి

ప్రశ్న అడిగిన అమ్మాయికి నేను సూటిగా సమాధానం చెబుతాను, ఎందుకంటే ఆసుపత్రుల విద్యుత్ పనులు చేయడమే నా వృత్తి. సెల్లార్‌లో జనరేటరు పెట్టడానికి కారణాలు తెలిసినవే. పైన పెడితే చప్పుడు, బరువు, క్రేను ఖర్చు. పైగా పై అంతస్తులో గది వేస్తే అద్దె వస్తుంది, సెల్లార్‌లో రాదు. చెన్నైలో 2015 డిసెంబరులో అడయారు నీళ్లు ఒక పెద్ద ఆసుపత్రిలో ప్రవేశించి జనరేటర్లు మునిగిన తరువాత కూడా మా దగ్గరకు వచ్చే ప్లాన్లలో మార్పు పెద్దగా కనిపించలేదు.

చాలామంది మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. జనరేటరు మేడ మీద ఉన్నంత మాత్రాన సరిపోదు. మెయిన్ ప్యానెల్, లైను కరెంటు నుంచి జనరేటరుకు మార్చే చేంజోవర్ స్విచ్, డీజిల్ పైకి పంపే మోటారు, ఈ మూడూ ఎక్కడున్నాయో చూడాలి. 2012లో శాండీ తుపాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగా ఉన్నాయి, ఇంధనం పంపులు మాత్రం బేస్‌మెంటులో మునిగిపోయాయి. సిబ్బందీ, సైనికులూ మెట్ల మీద వరుసగా నిలబడి ఇంధనాన్ని చేతులు మార్చుకుంటూ 13 అంతస్తులు ఎక్కించారు. కాబట్టి "జనరేటరు ఉందా?" అని అడగకండి. "నడుము లోతు నీళ్లు వస్తే ఏ ఏ వస్తువులు మునుగుతాయి?" అని అడగండి.

డీజిల్ లెక్క కూడా చెబుతాను. 125 కేవీఏ జనరేటరు ముప్పాతిక లోడు మీద గంటకు 20 లీటర్లకు అటూ ఇటూగా తాగుతుంది. 200 లీటర్ల డ్రమ్ము పది గంటలు వస్తుంది. హుద్‌హుద్ తరువాత విశాఖలో కరెంటు రావడానికి రోజులు పట్టింది. బంకు దగ్గర అందరితోపాటు ఆసుపత్రివాళ్లు కూడా డబ్బాలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు.

అడయారు_తెలుగు

మూర్తి గారు చెప్పిన ఆసుపత్రి నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో ఉండేవాణ్ని. ఐసీయూలో 18 మంది చనిపోయారని అప్పట్లో పత్రికలు రాశాయి. వారంతా ముందే విషమ స్థితిలో ఉన్నవారని యాజమాన్యం చెప్పింది. అది నిజమే అయినా, విషమ స్థితిలో ఉన్నవారి కోసమే కదా ఐసీయూ కట్టింది.

మందుల_చీటీ

ఆక్సిజన్‌కు కూడా ఇదే లెక్క వేసుకోవాలి. వార్డుల్లో కనిపించే జంబో సిలిండరులో దాదాపు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి పది లీటర్లు తీసుకునే ఒక్క రోగికి అది పదకొండున్నర గంటలు వస్తుంది. అలాంటి రోగులు ముప్పై మంది ఉంటే అదే సిలిండరు అరగంట కూడా రాదు. 2021 మే 10 రాత్రి తిరుపతిలో ట్యాంకరు రావడం ఆలస్యమై, కొద్ది నిమిషాలు ప్రెషర్ పడిపోయినందుకు 11 మంది పోయారని ప్రభుత్వమే ప్రకటించింది. అది వరదా కాదు, తుపానూ కాదు. లారీ ఆలస్యం.

బరంపురం_బావ

ఒడిశా నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. 1999 అక్టోబరు సూపర్ తుపానులో ఈ రాష్ట్రంలో సుమారు పదివేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మా పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటితే మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. తీరం నుంచి దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. సరిగ్గా ఏడాదికి అదే తేదీన మీ విశాఖకు హుద్‌హుద్ వచ్చింది.

తేడా ఎక్కడ వచ్చిందంటే, ఇక్కడ తుపాను హెచ్చరిక రాగానే ఆరోగ్య సిబ్బంది మొదట తీసేది మందుల పెట్టెను కాదు, రిజిస్టరును. నెలలు నిండిన గర్భిణుల పేర్లు చదివి, వారిని ముందే ఆసుపత్రి దగ్గరకు చేరుస్తారు. ఫైలిన్‌కు రెండు రోజుల ముందు మా చెల్లెలిని అలాగే జీపులో తీసుకుపోయారు. మేనల్లుడు గాలి హోరులో పుట్టాడు. ఫైలిన్ అని పేరు పెడదామన్నాను గానీ మా చెల్లెలు ఒప్పుకోలేదు. రెండో సంగతి రంపాలు. గాలి తగ్గగానే చెట్లు కోసే బృందాలు ముందుగా ఆసుపత్రి రోడ్డు మీద పడతాయి. 108 వాహనం ఎంత కొత్తదైనా పడిపోయిన మర్రిచెట్టును దాటలేదు.

అంతా బాగుందని చెప్పను. 2019 ఫొని తుపానులో భువనేశ్వర్ ఎయిమ్స్‌లోనే ఒక కప్పు ఎగిరిపోయింది. ప్రాణనష్టం తగ్గించడం నేర్చుకున్నాము, కట్టడాలను కాపాడుకోవడం ఇంకా నేర్చుకుంటున్నాము.

శబరి_ఒడ్డు

బరంపురం బావగారు చెప్పిన రిజిస్టరు మా దగ్గరా ఉంది, దానిని మోసేది నేనే. చింతూరు ఏజెన్సీలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తున్నాను. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. మాకు మాత్రం మొదటిదే ఆఖరిది. శబరి, గోదావరి కలిసే చోట నీళ్లు ఎదురు తన్ని, రెండవ హెచ్చరిక వచ్చేలోపే సగం దారులు మునుగుతాయి. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంత వరద అదే.

జాబితా ఉండటం ఒక ఎత్తు, మనిషిని కదిలించడం ఇంకొక ఎత్తు. కాన్పుకు పదిహేను రోజుల్లోపు ఉన్న ఒక కోయ అమ్మాయి ఇంటికి మూడుసార్లు వెళ్లాను. "మేకలను ఎవరు చూస్తారు, పెద్ద పిల్లకు అన్నం ఎవరు పెడతారు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా రిజిస్టరులో గడి లేదు. చివరకు మేకలను ఎత్తు మీద ఉన్న బంధువుల దొడ్డికి తోలించి, పెద్ద పిల్లనూ, అత్తగారినీ, అత్తగారు వదలనన్న కోళ్ల గంపనూ కలిపి పడవ ఎక్కించాను. పడవవాడు కోళ్లకు కూడా టిక్కెట్టు అడిగాడు. ఐదో రోజు ఆ అమ్మాయికి కాన్పు కష్టమై ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఊళ్లో ఉండి ఉంటే తల్లీబిడ్డా దక్కేవారు కాదు.

గట్టుమీద_కాకి గారు ఇంట్లోవారే ముందు వెళ్లాలి అన్నారు. వెళ్లిన చోట తిండి, పిల్లలకు చోటు, పశువులకు కాపలా ఉంటే ఎవరైనా వెళతారు. ఉట్టి మనిషిని మాత్రమే రమ్మంటే ఎవరూ కదలరు.

గట్టుమీద_కాకి

కోళ్ల గంప దగ్గర నేను ఓడిపోయాను. అయితే ఒక ప్రశ్న అడుగుతాను. వరద తీసిన తరువాత పెట్టే వైద్య శిబిరాల వల్ల నిజంగా ఉపయోగం ఉందా? నేను చూసినవాటిలో బ్యానరు పెద్దది, బల్ల చిన్నది. పారాసెటమాల్, ఓఆర్ఎస్ ఇచ్చి ఫోటో తీసుకుని వెళ్లారు.

మందుల_చీటీ

శిబిరాన్ని కొట్టిపారేయకండి. బుడమేరు తరువాత నేను ఒక శిబిరంలో మందులు ఇచ్చాను. కలరా వస్తుందేమోనని పెట్టెలకొద్దీ సెలైన్ సీసాలు తెచ్చుకున్నాము. వచ్చినవారిలో ఎక్కువ మంది అడిగినవి బీపీ బిళ్లలు, షుగర్ బిళ్లలు, ఇన్సులిన్, మూర్ఛ మందులు. ఇంట్లో బీరువా మునిగితే చీటీ పోతుంది, మందు పోతుంది, పేరు కూడా గుర్తుండదు. "తెల్లది, గుండ్రంగా, మధ్యలో గీత ఉంటుందయ్యా" అని ఒక పెద్దాయన చెప్పాడు. నా బల్ల మీద అలాంటివి తొమ్మిది రకాలు ఉన్నాయి. అందుకని అందరికీ చెబుతున్నాను, చీటీని ఫోటో తీసి ఊరికి దూరంగా ఉన్న బంధువుల ఫోనుకు పంపి ఉంచండి. ఇన్సులిన్ విషయంలో కంగారు పడనక్కరలేదు. వాడుతున్న సీసా మామూలు గది వేడిలో సుమారు నాలుగు వారాలు ఉంటుంది. ఫ్రిజ్ ఆగిపోతే తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టుకోవచ్చు, ఐసు మీద మాత్రం నేరుగా పెట్టకూడదు.

బ్లీచింగ్ గురించి కూడా ఒక మాట. మూతి విప్పి నెలల తరబడి గోడౌనులో మూలన పడేసిన బస్తా తెచ్చి, తెల్లగా ఉంది కదా అని వీధుల్లో ముగ్గులా చల్లుతారు. అందులో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. చల్లవలసినది వీధిలో కాదు, కలపవలసినది తాగే నీటి ట్యాంకులో. కలిపిన అరగంటకు కుళాయి దగ్గర పరీక్షించి క్లోరిన్ మిగిలి ఉందో లేదో చూడాలి. ముగ్గు చూసి సంతోషించే దోమ ఒక్కటీ చావదు.

చింతకాయ

వరదలో పాముల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2018లో దివిసీమలో పాముకాట్లు పెరిగితే మోపిదేవిలో సర్పశాంతి యాగం చేశారు. దానిని కూడా సన్నద్ధత కింద రాసుకోవాలా?

పాత_స్టెతస్కోపు

యాగం చేసినందుకు నాకు అభ్యంతరం లేదు, ఆసుపత్రిలో విషానికి విరుగుడు మందు కూడా ఉంటే చాలు. కాటు వేసిన పాము విషం ఎక్కితే మొదటి విడతలోనే ఎనిమిది నుంచి పది సీసాలు పడుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండు సీసాలు పెట్టుకుని "స్టాకు ఉంది" అని రాసుకుంటే అది లేనట్టే. పొడి రూపంలో వచ్చే మందుకు ఫ్రిజ్ కూడా అక్కరలేదు. వానలు మొదలుకాక ముందే ఇండెంటు పెట్టి, నీళ్లలో ఒంటరి అయ్యే ఊళ్లకు దగ్గర ఉన్న కేంద్రాల్లో ఎక్కువ ఉంచాలి. గాలివాన హెచ్చరిక వచ్చాక జిల్లా స్టోరుకు మనిషిని పంపితే, అతను తిరిగి వచ్చేలోపు వంతెన మీద నీళ్లు ఉంటాయి.

నైట్‌డ్యూటీ

గ్యాస్ లీకు గురించి గురువారం, ఆదివారం అని వాదించుకున్నారు, అసలు విషయం వదిలేశారు. వరదలో రోగులు మెల్లగా వస్తారు. అటువంటి ప్రమాదంలో ఒక్క గంటలో వందల మంది ఒకే గుమ్మం దగ్గరకు వస్తారు. 2020లో ఆర్.ఆర్. వెంకటాపురం నుంచి ఆటోల్లో, బైకుల మీద, భుజాల మీద అలాగే వచ్చారు. అప్పుడు కావలసింది ఎక్కువ మంచాలు కాదు, గుమ్మంలో నిలబడి, వెంటనే చూడవలసినవారికి ఎరుపు, కొంత ఆగగలవారికి పసుపు, చిన్న దెబ్బలవారికి ఆకుపచ్చ, ఇక దక్కనివారికి నలుపు చీటీ కట్టి విడదీసే ఒక అనుభవజ్ఞుడు. గట్టిగా ఏడుస్తున్న బిడ్డకు ఊపిరి ఆడుతున్నట్టే. పలకకుండా తల వాల్చిన బిడ్డను ముందు చూడాలి. జనం మాత్రం ఏడుస్తున్న బిడ్డనే ముందుకు తోస్తారు. నలుపు చీటీ కట్టడం ఎంత కష్టమో ఒక్కసారి కట్టినవారికే తెలుస్తుంది.

రెండవది, అది ఏ రసాయనమో ఆసుపత్రికి వెంటనే తెలియాలి. భోపాల్‌లో ఆ రాత్రి వైద్యులకు ఏ విషవాయువుకు చికిత్స చేస్తున్నారో తెలియలేదు. మా ఊళ్లో ఇన్ని ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఏ గోడ వెనుక ఏ ట్యాంకులో ఏముందో చెప్పే ఒక్క పుట అత్యవసర విభాగం గోడ మీద అంటించి ఉండాలని అడగడం పెద్ద కోరిక కాదు. ముందు బట్టలు తీసేసి ఒళ్లు కడగడానికి గుమ్మం బయట కుళాయి, ఆడవాళ్లకు ఒక చాటు ఉండాలి. లేకపోతే బట్టలతో వచ్చిన ఆవిరి వార్డులో ఉన్నవారికి కూడా పడుతుంది.

మూడుఫేజుల_మూర్తి

అమ్మాయి అడిగిన "ఎవరు తనిఖీ చేయాలి" అన్న ప్రశ్న మిగిలిపోయింది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా స్థాయిలో కలెక్టరు అధ్యక్షతన ఒక సంస్థ ఉంటుంది. ఆసుపత్రుల భద్రతపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2001 జనవరి 26 భూకంపంలో భుజ్ ప్రభుత్వాసుపత్రి కూలి, ఆరుబయట మైదానంలో చికిత్స చేయవలసి వచ్చింది. తరువాత అక్కడ కొత్త ఆసుపత్రిని రబ్బరు, సీసం కలిసిన దిమ్మెల మీద, భూమి కదిలినా భవనం అంతగా కదలకుండా కట్టారు. తలచుకుంటే చేయగలమనడానికి అది చాలు. మన వైపు అగ్నిమాపక శాఖ అనుమతి కోసం యాజమాన్యాలు పరుగులు పెడతాయి. వరదకు అటువంటి అనుమతి పత్రం ఒకటి అడిగితే సెల్లార్లు వాటంతట అవే ఖాళీ అవుతాయి.

గట్టుమీద_కాకి

పత్రం పెడితే ఆ పత్రానికి ఒక రేటు కూడా పుడుతుంది. అయినా మీ మాట ఒప్పుకుంటున్నాను.

పాత_స్టెతస్కోపు

సింగ్‌నగర్ అమ్మాయీ, నాన్నగారి విషయంలో మూడు పనులు చేయమ్మా. ఆయన డయాలసిస్ వివరాలు, అంటే పొడి బరువు (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు), వాడే మందులు, రక్తం గ్రూపు, కామెర్ల పరీక్షల ఫలితాలు ఒక కాగితం మీద రాయించి ప్లాస్టిక్ కవరులో ఉంచు. అవి లేకపోతే కొత్త ఆసుపత్రి మిషను ఎక్కించడానికి గంటలు తీసుకుంటుంది. డయాలసిస్ వాయిదా పడితే తినవలసిన పథ్యం మీ వైద్యుణ్ని అడిగి ముందే రాయించుకో. తుపాను హెచ్చరిక వస్తే వంతు రోజు కోసం ఆగకుండా ఒక రోజు ముందే చేయించమని అడుగు. ఒక్కసారి డయాలసిస్‌కు 120 లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్లు కావాలి. కరెంటుతోపాటు నీళ్ల ప్లాంటు కూడా ఆగిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఊరి బయట రెండో కేంద్రంలో ఇప్పుడే పేరు రాయించు.

శబరి_ఒడ్డు

వార్డు సచివాలయంలో ఉండే మా తోటి ఏఎన్‌ఎం గారికి కూడా చెప్పి, డయాలసిస్ రోగుల పేర్లు ఆవిడ రిజిస్టరులో రాయించండి. గర్భిణులకు గడి ఉంది, మీవారికి లేదు. వెనక పుటలో రాయమనండి. మేము అవసరమైనవన్నీ వెనక పుటలోనే రాసుకుంటాము.

సింగ్‌నగర్_అమ్మాయి

అందరి మాటలూ ఒక నోటుబుక్కులో రాసుకుని నిన్న ఆసుపత్రికి వెళ్లాను. ఏఎన్‌ఎం గారు వెనక పుటలో మా పేటలో ఏడుగురి పేర్లు రాశారు. ఏడుగురు ఉన్నారని నాకూ ఇప్పటిదాకా తెలియదు. ఆసుపత్రి మేనేజరు గారు ఆకుపచ్చ ఫైలులో ఫోన్ నంబర్లు నా ఎదురుగానే మార్పించారు. వంతుకు ముందే డయాలసిస్ చేసే విషయం వైద్యులతో మాట్లాడి చెబుతామన్నారు.

మూర్తి గారు చెప్పినట్టు నడుము లోతు నీళ్లు వస్తే ఏమేమి మునుగుతాయని అడిగాను. జనరేటరు ఇంకా సెల్లార్‌లోనే ఉందట, పైకి మార్చడానికి అంచనాలు వేయిస్తున్నారట. "ఈసారి మాత్రం భయం లేదమ్మా, నీళ్లు రాకుండా అడ్డం వేయడానికి రెండు వందల ఇసుక బస్తాలు తెప్పించి ఉంచాము" అన్నారు.

మూడుఫేజుల_మూర్తి

మంచిదే. ఆ బస్తాలు ఎక్కడ ఉంచారో చూశారా?

సింగ్‌నగర్_అమ్మాయి

చూశాను. సెల్లార్‌లో, జనరేటరు వెనకాల.